ఒకే పొరపాటుకి రెండు నోటీసులు: మమ్మల్ని అడగాల్సింది ప్రభుత్వమా, మా కౌన్సిలా?

రాత్రిడ్యూటీ
పదకొండేళ్లుగా మందుల దుకాణం కౌంటర్లో ఫార్మసిస్ట్‌గా నిలబడుతున్నాను. ఇంత టెన్షన్ ఎప్పుడూ పడలేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. తిట్టేవాళ్లు తిట్టండి, కానీ కింద అడిగినదానికి జవాబు కూడా చెప్పండి.

చీటీలో ఉన్నది హైడ్రాక్సిజైన్ 25, దురదకి. నేనిచ్చింది హైడ్రలజైన్ 25, బీపీకి. రెండు డబ్బాలూ ఒకే అరలో, అక్షర క్రమంలో పక్కపక్కనే ఉంటాయి. షిఫ్ట్ అయిపోవడానికి ఇంకో పావుగంట. స్ట్రిప్ చేతిలోకి తీసుకుని పేరు చదివిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. చదివింది మాత్రం అక్కడున్న పేరు కాదు, నా బుర్రలో ఉన్న పేరు. ఇంటికెళ్లాక పేషెంట్ కూతురు ఫోన్ చేసి "అమ్మకి బీపీ లేదు కదండీ" అంది. అదృష్టం, ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు. వెంటనే సరైన మందు పంపించాను, డాక్టర్‌కి చెప్పాను, పొరపాట్ల రిజిస్టర్లో నా చేత్తోనే రాసి సంతకం పెట్టాను.

మూడు వారాలకి రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి మందుల దుకాణాలకి లైసెన్స్ ఇచ్చే ప్రభుత్వ ఆఫీసు నుంచి. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట, రిజిస్టర్ అసలు ప్రతి తీసుకురావాలట, మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పాలట. రెండోది మా కౌన్సిల్ నుంచి, అంటే ఫార్మసిస్టుల పేర్లు నమోదు చేసే మా వృత్తి సంస్థ నుంచి. జరిగినదాని గురించి మనసు విప్పి రాయండి, ఏం నేర్చుకున్నారో రాయండి, చదివేది మీ తోటివాళ్లే అని ఉంది.

కౌన్సిల్‌కి మనసు విప్పి రాసిన కాగితం రేపు ఆ ఆఫీసు బల్ల మీద తేలదని గ్యారంటీ ఏంటి? అసలు ఒకే పనికి ఇద్దరు పెద్దలెందుకు? ఎవరో ఒకరు చాలరా?

గుళికలు77
ఆఫీసు కాగితం కౌన్సిల్‌కీ, కౌన్సిల్ కాగితం ఆఫీసుకీ పంపించండి. వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు.

తెల్లకోటు
నవ్వొచ్చింది కానీ ఆవిడ పరిస్థితి నవ్వేలా లేదు.

నేను ఆసుపత్రి ఫార్మసీలో చేస్తాను. మా దగ్గర "తప్పిపోయిన తప్పులు" అని ఒక నోట్‌బుక్ ఉండేది. పేషెంట్ దాకా వెళ్లకముందే దొరికిన పొరపాట్లన్నీ అందులో రాసేవాళ్లం. నెల తిరిగేసరికి పుస్తకం నిండిపోయేది. డోసులో సున్నా ఎక్కువ పడటం, ఎడమ చెవి చుక్కలు ఎడమ కంటికి రాయడం, అన్నీ. ఒకసారి యాజమాన్యం ఆ పుస్తకం తీసుకెళ్లి, ఎక్కువసార్లు పేరు కనిపించిన అమ్మాయిని పక్కన పెట్టింది. ఆ అమ్మాయి మా అందరిలోకీ జాగ్రత్తగా పనిచేసేది. జాగ్రత్తగా చూసేది కాబట్టే ఎక్కువ పట్టుకునేది, పట్టుకున్నవన్నీ రాసేది. ఆ తర్వాత కొన్న పుస్తకం ఏడాది గడిచినా సగం కూడా నిండలేదు. మా పొరపాట్లేమీ తగ్గలేదు, రాయడం మానేశామంతే.

అందుకే నా ఓటు కౌన్సిల్‌కి. ఈ పని తెలిసినవాళ్లకే పొరపాటుకీ నిర్లక్ష్యానికీ తేడా తెలుస్తుంది.

అమ్మకొడుకు
నేను ఫార్మసిస్ట్‌ని కాదు. కౌంటర్‌కి ఇవతల నిలబడేవాణ్ణి. అందుకే ఈ "తోటివాళ్లే చూసుకుంటారు" అనే మాట వింటే ఒళ్లు మండుతుంది.

మా అమ్మకి రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ 1 మిల్లీగ్రాము రాస్తే 5 ఇచ్చారు. పదహారు రోజులు వేసుకుంది. చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే పళ్ల సమస్య అనుకున్నాం. తర్వాత ఆసుపత్రిలో చేర్చాం. బతికింది. కౌన్సిల్‌కి ఫిర్యాదు చేశాను. కమిటీలో ఐదుగురు, అందులో నలుగురు ఫార్మసిస్టులు. పద్నాలుగు నెలల తర్వాత ఒక్క వాక్యంతో ఉత్తరం వచ్చింది: "సదరు సభ్యుడికి తగు సలహా ఇవ్వడమైనది."

సలహా అట. ఏం సలహా ఇచ్చారో కూడా నాకు చెప్పలేదు. గోప్యమట. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

తెల్లకోటు
@అమ్మకొడుకు మీ అమ్మగారి విషయంలో కోపం న్యాయమే. నేను దాన్ని సమర్థించడం లేదు.

అమ్మకొడుకు
సమర్థించడం లేదంటూనే నలుగురు ఫార్మసిస్టులు కూర్చునే కమిటీకే ఓటేశారు కదండీ.

విశ్రాంత_ఇన్‌స్పెక్టర్
ఇరవై ఎనిమిదేళ్లు తనిఖీలు చేశాను. మా శాఖ వైపు నుంచి ఒక మాట.

ఇన్‌స్పెక్టర్‌కి కనిపించేది వస్తువు. లైసెన్స్ ఉందా, కొనుగోలు బిల్లులున్నాయా, బ్యాచ్ నంబర్ సరిపోతోందా, ఎక్స్‌పైరీ దాటిందా, ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందా, తాళం వేయాల్సిన మందుల అలమరకి తాళం ఉందా. ఇవి గంటన్నరలో చూసెయ్యగలను. కానీ చీటీ మీద డోసు తేడాగా అనిపించినప్పుడు మీరు డాక్టర్‌కి ఫోన్ చేశారా, చేయలేదా? ఒక ముసలాయనకి ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో చూపించారా? అది నాకు ఏ రిజిస్టర్లోనూ దొరకదు. దొరికితే అనుమానించాల్సిందే.

అనుమానం అంటే గుర్తొచ్చింది. ఒకచోట ఫ్రిజ్ ఉష్ణోగ్రతల పుస్తకం అచ్చు వేసినట్టు ఉంది. మూడు నెలలు, రోజుకి రెండుసార్లు, అన్నీ 4. ఒకే పెన్ను, ఒకే ఒరవడి. కూర్చోబెట్టి ఒక్క పూటలో రాయించారనుకున్నాను. థర్మామీటర్ తీసి బల్ల మీద పెట్టి టీ తాగాను. అరగంటయినా ముల్లు 4 మీదే ఉంది. పాపం ఆ కుర్రాడు రోజూ నిజాయితీగానే రాశాడు. ముల్లు ఎప్పుడో ఇరుక్కుపోయింది. నియంత్రణ అంటే అంకె ఉందో లేదో చూడటం అనుకుంటే నేను ఆ రోజు సంతకం పెట్టి వచ్చేవాణ్ణి.

గుళికలు77
అయితే ఆ ఫ్రిజ్‌లో ఇన్సులిన్ గతి?

విశ్రాంత_ఇన్‌స్పెక్టర్
మొత్తం పక్కన పెట్టించాను. కుర్రాడి మీద ఏమీ రాయలేదు. ముల్లు ఎందుకు కదలడం లేదని అడగని యజమాని మీద రాశాను.

కల్వం_రోకలి
ఈ గొడవ చాలా పాతదే. 13వ శతాబ్దంలో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి తన సిసిలీ రాజ్యంలో వైద్యుడూ మందులవాడూ వాటాలు కలుపుకోకూడదని శాసనం చేశాడు. ధరలూ తనిఖీలూ రాజ్యానివే. ఇంకోవైపు లండన్‌లో 1617లో మందులవాళ్లు కిరాణా వ్యాపారుల సంఘం నుంచి విడిపోయి, రాజు దగ్గర పత్రం తెచ్చుకుని సొంత సంఘం పెట్టుకున్నారు. మా పని మేమే చూసుకుంటాం అన్నది అక్కడ మొదలు.

రాత్రిడ్యూటీ గారి కథకి దగ్గరగా ఉన్నది మాత్రం 1858 బ్రాడ్‌ఫర్డ్. ఇంగ్లండ్‌లో మిఠాయిల్లో పంచదార ఖర్చు తగ్గించడానికి జిప్సం పొడి కలిపేవాళ్లు. ఆ పొడి కోసం ఒక మనిషి మందుల దుకాణానికి వెళ్లాడు. యజమానికి ఒంట్లో బాగోలేదు. సహాయకుడికి ఆ మూల పీపాలో ఉంది, తియ్యి అని చెప్పాడు. ఆ మూల రెండు పీపాలు. రెండింట్లోనూ తెల్లపొడే. వాడు తూచి ఇచ్చింది ఆర్సెనిక్. ఆ మిఠాయి తిని ఇరవై మంది దాకా చచ్చిపోయారు, రెండు వందల మంది దాకా జబ్బుపడ్డారు.

కేసు పెట్టారు. ఎవరికీ శిక్ష పడలేదు, ఎందుకంటే వాళ్లు తప్పిన చట్టమంటూ ఒకటి సరిగ్గా లేదు. తర్వాత 1868 ఫార్మసీ చట్టం వచ్చింది. విషాలు అమ్మాలంటే పరీక్ష ప్యాసై పేరు నమోదు చేసుకుని ఉండాలి, సీసా మీద విషం అని రాసి ఉండాలి. గమనించండి, చట్టం చేసింది పార్లమెంటు, కానీ పరీక్ష పెట్టే పని 1841లో పుట్టిన ఫార్మసిస్టుల సొసైటీ చేతిలో పెట్టారు. ఇద్దరు పెద్దలు అప్పటి నుంచే ఉన్నారు.

వెనకబెంచీ
రెండు పీపాలు, పక్కపక్కనే. 160 ఏళ్లు దాటినా మనం అరలు అక్షర క్రమంలోనే సర్దుతున్నాం 🙂

రాత్రిడ్యూటీ
@కల్వం_రోకలి ఇది చదివి చేతులు వణికాయి. ఆ సహాయకుడు నేనే అనిపించింది.

వకీలు_వేషం
నేను ఆరోగ్య చట్టాల మీద పనిచేస్తాను. రెండు నోటీసులు ఎందుకు వచ్చాయంటే రెండు చట్టాలు రెండు వేరే విషయాలకి రాసినవి కాబట్టి. చాలా దేశాల్లో ఇదే ఏర్పాటు. భారతదేశంలో 1940 చట్టం మందునీ దుకాణం లైసెన్స్‌నీ చూస్తుంది, 1948 చట్టం ఫార్మసిస్ట్ చదువునీ నమోదునీ చూస్తుంది. తప్పు చేసింది మనిషి, జరిగింది లైసెన్స్ ఉన్న చోట. కాబట్టి ఇద్దరికీ దారి ఉంది.

ఇక అమ్మకొడుకు గారి మాట. మీరన్నదే బ్రిటన్ కూడా ఒప్పుకుంది. ఒకప్పుడు ఫార్మసిస్టుల తరఫున మాట్లాడే సంఘమూ, ఫార్మసిస్టులని శిక్షించే సంస్థా ఒక్కటే. 2010లో విడదీశారు. వృత్తి తరఫున మాట్లాడే పని రాయల్ ఫార్మాస్యూటికల్ సొసైటీకి, నియంత్రణ జనరల్ ఫార్మాస్యూటికల్ కౌన్సిల్‌కి. ఆ కౌన్సిల్‌ని పద్నాలుగు మందితో పెట్టారు. సగం మంది వృత్తివాళ్లు, సగం మంది బయటివాళ్లు. క్రమశిక్షణ తీర్పు మరీ మెత్తగా ఉందనిపిస్తే హైకోర్టుకి తీసుకెళ్లే అధికారం ఇంకో సంస్థకి ఇచ్చారు.

అమెరికాలో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో వచ్చింది. నార్త్ కరోలినా దంతవైద్యుల బోర్డులో ఎనిమిది మందిలో ఆరుగురు ప్రాక్టీసు చేసే డాక్టర్లే. పళ్లు తెల్లబరిచే చిన్న దుకాణాలని మూసేయమని ఉత్తరాలు రాశారు. 2015లో సుప్రీంకోర్టు ఏమందంటే, బోర్డు పగ్గాలు ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ల చేతిలో ఉండి, పైన ప్రభుత్వం నిజంగా కనిపెట్టి చూడకపోతే, పోటీ చట్టాల నుంచి మినహాయింపు లేదు. ఫార్మసీ బోర్డులన్నీ ఆ తీర్పు చదివి ఉలిక్కిపడ్డాయి.

అమ్మకొడుకు
చూశారా. సగం మంది బయటివాళ్లు. మా అమ్మ కేసులో ఒక్కడు. ఆయన కూడా ఏదో ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పేవాడట.

గుళికలు77
కాపలావాడికి కాపలా, ఆ కాపలాకి ఇంకో కాపలా. చివరికి మందు ఇచ్చేవాడు ఎవడూ మిగలడు.

తెల్లకోటు
@వకీలు_వేషం బయటివాళ్లుంటే న్యాయం అనుకోవడమూ తేలికే. 2018లో బ్రిటన్‌లో ఒక పిల్లాడు చనిపోయిన ఘటనలో జూనియర్ డాక్టర్ కేసు చూడండి. ట్రిబ్యునల్ ఏడాది సస్పెన్షన్ వేస్తే, ఇది చాలదని రెగ్యులేటరే కోర్టుకెళ్లి డాక్టర్ల రిజిస్టర్ నుంచి పేరు కొట్టేయించింది. ఆ ఆగస్టులో పై కోర్టు మళ్లీ పేరు ఎక్కించింది. ఆ నెలల్లో అక్కడి డాక్టర్లు తమ తప్పుల గురించి నిజం రాయడానికి జంకారు. రాత్రిడ్యూటీ గారి భయం సరిగ్గా అదే.

చేతిరాత_బాధితుడు
ప్రిస్క్రిప్షన్ రాసేవాళ్ల చేతిరాత మీద ఏ కౌన్సిలూ మాట్లాడదేం? అందరూ చదివేవాణ్ణే పట్టుకుంటారు.

నిర్వాహకుడు
చేతిరాతకి వేరే థ్రెడ్ ఉంది, 40 పేజీలు దాటింది. అక్కడికి దయచేయండి. ఇంకో మాట, ఇక్కడ ఎవరూ దుకాణాల పేర్లు, మనుషుల పేర్లు రాయొద్దు. ఇప్పటికే రెండు పోస్టులు తీసేశాను.

సీసామూత
నేను ఇంజెక్షన్లు కలిపే యూనిట్లో చేశాను. ఎవరో ఒకరు చాలరా అని మొదటి పోస్టులో అడిగారు. ఆ ప్రశ్నకి 2012 అమెరికా జవాబు చెప్పింది.

మసాచుసెట్స్‌లో ఒక కాంపౌండింగ్ ఫార్మసీ వెన్నులో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ తయారుచేసింది. అందులో బూజు. 20 రాష్ట్రాల్లో 750కి పైగా జబ్బుపడ్డారు, 60 మందికి పైగా పోయారు. పేరుకి అది ఫార్మసీ, అంటే ఒక్కో పేషెంట్ చీటీకి ఒక్కో మందు కలిపిచ్చే చోటు. చేసింది మాత్రం ఫ్యాక్టరీ పని, వేల సీసాలు. ఫార్మసీ అయితే రాష్ట్ర బోర్డు చూడాలి. ఫ్యాక్టరీ అయితే కేంద్ర ప్రభుత్వ మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చూడాలి. ఎఫ్‌డీఏ 2006లోనే హెచ్చరిక ఉత్తరం రాసింది. తర్వాత ఇది మా పరిధా మీ పరిధా అనే దగ్గరే ఆగిపోయింది. 2013లో కొత్త చట్టం చేసి, చీటీ లేకుండా పెద్ద ఎత్తున తయారుచేసేవాళ్లని వేరే వర్గంగా పెట్టారు.

నేను పనిచేసిన చోట గాలి వడపోసే గదిలో ఉన్నది ఇద్దరం. చేతి తొడుగులు మార్చుకోకుండా ఒక సీసా నుంచి ఇంకో సీసాకి వెళ్తే ఆపాల్సింది పక్కనున్నవాడే. ఇన్‌స్పెక్టర్ ఏడాదికోసారి వస్తాడు. పక్కవాడు రోజూ ఉంటాడు. కానీ పక్కవాడికి జీతం ఇచ్చేది యజమాని.

వెనకబెంచీ
చివరి లైన్ దగ్గర ఆగిపోయాను.

అమ్మకొడుకు
సీసామూత గారన్నదానికి జర్మనీ కథ కూడా కలపండి. బోట్రాప్ అనే ఊళ్లో ఒక ఫార్మసిస్ట్ కేన్సర్ మందులు పలచబరిచి అమ్మాడు. 2016లో అరెస్టు, 2018లో పన్నెండేళ్ల జైలు. పట్టుకున్నది ఫార్మసిస్టుల సంఘం కాదు, ప్రభుత్వ తనిఖీ కాదు. అక్కడ పనిచేసే ఇద్దరు. లెక్కలు చూసేవాడు కొన్న మందుకీ అమ్మిన మందుకీ పొంతన లేదని కనిపెట్టాడు. ఇంకొకావిడ, వాడకుండా వెనక్కి వచ్చిన సంచి ఒకటి నేరుగా పోలీసులకి పట్టుకెళ్లి ఇచ్చింది. పరీక్షిస్తే అందులో మందే లేదు.

అమెరికాలోని కాన్సస్ సిటీలో 2001లో ఇలాంటిదే జరిగితే అక్కడా అంతే. మందు కంపెనీ తరఫున అమ్మే మనిషి లెక్క తేడా చూసి డాక్టర్ చెవిన వేశాడు. కాబట్టి మీరు ప్రభుత్వమా కౌన్సిలా అని కొట్టుకోండి, రెండూ నిద్రపోయాయి.

విశ్రాంత_ఇన్‌స్పెక్టర్
నిజమే, ఒప్పుకోక తప్పదు. మేం చెప్పి వెళ్తాం, కాగితాలు చూస్తాం, నమూనా తీయం. కలిపిన మందుని ల్యాబ్‌కి పంపాలంటే ఖర్చు, టైమ్, పైగా ఆ సంచి పేషెంట్‌కి వెళ్లాల్సింది. బోట్రాప్ తర్వాత అక్కడ చెప్పకుండా వెళ్లి చూడటం పెంచారు.

కానీ అది దొంగతనం. రాత్రిడ్యూటీ గారిది పొరపాటు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

అమ్మకొడుకు
ఏది దొంగతనం, ఏది పొరపాటు, ఏది నిర్లక్ష్యం అని తేల్చేది ఎవరు? మళ్లీ అక్కడికే వచ్చాం కదా. మా అమ్మది పొరపాటా? డబ్బా మీద 5 అని అంత లావున ఉంటుంది. రంగు కూడా వేరు.

తెల్లకోటు
ఆ రోజు ఆ కౌంటర్లో ఎంతమంది ఉన్నారో కమిటీ అడిగిందా?

అమ్మకొడుకు
ఒక్కడే. సాయంత్రం రద్దీ. నేనే వెళ్లాను కాబట్టి నాకు తెలుసు. నా ముందు పదిమంది ఉన్నారు. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఇంకో చేత్తో మందులు తీస్తున్నాడు. ఉత్తరంలో ఆ మాటే లేదు.

గొలుసుదుకాణం
ఇన్ని పోస్టుల తర్వాత అసలు విషయం వచ్చింది. అందుకే రాస్తున్నాను, లేకపోతే నాకు రాసే ఓపిక లేదు.

నేను ఒక పెద్ద గొలుసు దుకాణాల కంపెనీలో మేనేజర్‌ని, ఫార్మసిస్ట్‌ని కూడా. గంటకి ఎన్ని చీటీలు, రోజుకి ఎన్ని టీకాలు, ఎంతమందికి సభ్యత్వ కార్డు అంటగట్టారు, అన్నీ తెర మీద కనిపిస్తాయి. ఇద్దరు చేయాల్సిన షిఫ్ట్‌కి ఒక్కణ్ణి వేస్తారు. ఒకరు తీసిన మందుని ఇంకొకరు సరిచూడాలని నియమం. ఒక్కడే ఉంటే ఎవరు సరిచూస్తారు? నేనే తీసి, ఒక నిమిషం అటు తిరిగి, మళ్లీ ఇటు తిరిగి, కొత్తవాడిలా నేనే సరిచూస్తాను. నవ్వకండి, నిజంగా అలాగే చేస్తాను.

పొరపాటు జరిగితే కౌన్సిల్ ముందు నిలబడేది నేను. తెర మీద టార్గెట్ పెట్టినవాడు నిలబడడు, ఎందుకంటే వాడు ఫార్మసిస్ట్ కాదు, వాడి పేరు ఏ రిజిస్టర్లోనూ లేదు. కౌన్సిల్ చెయ్యి నా మెడ దాకానే వెళ్తుంది. అక్కడే ప్రభుత్వం కావాలి. లైసెన్స్ ఇచ్చేటప్పుడే ఇన్ని చీటీలకి ఇంతమంది ఉండాలని షరతు పెట్టి, లేకపోతే షట్టర్ దించే అధికారం నాకు రాతపూర్వకంగా ఇవ్వాలి. నా వివేకాన్ని నా తోటివాళ్లు చూడనీ, అభ్యంతరం లేదు. నా షిఫ్ట్ మాత్రం సర్కారు చూడాలి.

కల్వం_రోకలి
@గొలుసుదుకాణం అందుకే జర్మనీలో ఫార్మసీ యజమాని ఫార్మసిస్టే అయ్యుండాలి, ఒక ప్రధాన దుకాణం, మూడు శాఖలు, అంతకు మించి కుదరదు. యజమాని మీద కూడా సంఘం చెయ్యి పడుతుంది. ఇది వ్యాపారాన్ని అడ్డుకోవడమని కేసు వేస్తే, ప్రజారోగ్యం కోసం అలా పెట్టుకోవచ్చని 2009లో ఐరోపా న్యాయస్థానం చెప్పింది.

అమ్మకొడుకు
బోట్రాప్ దుకాణం యజమాని కూడా ఫార్మసిస్టేనండీ.

గుళికలు77
ఈ దెబ్బకి కల్వం ఒకవైపు, రోకలి ఒకవైపు.

కల్వం_రోకలి
😄 పడింది దెబ్బ. ఒప్పుకుంటున్నాను.

వెనకబెంచీ
విద్యార్థి డౌట్. కౌన్సిల్ వాళ్ల స్వయం నియంత్రణ అంటే మాకు కనిపించేది ఏడాదికి ఇన్ని గంటల క్లాసులు అనే లెక్క ఒక్కటే. మా సీనియర్ వెబినార్ పెట్టి ఫోన్ ఛార్జింగ్‌లో వదిలేసి నిద్రపోతాడు. సర్టిఫికెట్ మాత్రం వస్తుంది. ఇదేనా?

తెల్లకోటు
ఇది కాదు. బ్రిటన్‌లో 2018 నుంచి ఏడాదికి ఆరు రికార్డులు రాయాలి. నాలుగు నేర్చుకున్నవాటి గురించి, ఒకటి తోటివాడితో కూర్చుని మాట్లాడినదాని గురించి, ఒకటి నీ పని మీద నువ్వే రాసుకున్న ఆలోచన. గంటల లెక్క కాదు. అయినా నిద్రపోయేవాడు అందులోనూ దారి వెతుక్కుంటాడు, అది వేరే సంగతి. నేను మా పక్క వార్డు ఫార్మసిస్ట్‌తో నెలకోసారి కూర్చుంటాను. కిందటి నెల ఆయన నా చీటీలు తిరగేసి, కిడ్నీ సరిగ్గా లేని పేషెంట్‌కి డోసు తగ్గించమని డాక్టర్‌కి రాశావు బాగుంది, మూడో రోజు మళ్లీ రక్త పరీక్ష చూశావా అని అడిగాడు. చూడలేదు. సిగ్గేసింది. ఏ ఇన్‌స్పెక్టరూ ఆ ప్రశ్న అడగలేడు.

విశ్రాంత_ఇన్‌స్పెక్టర్
అడగలేడు. ఆ మాట నేను ముందే రాశాను.

వకీలు_వేషం
రాత్రిడ్యూటీ గారి ప్రశ్న అందరూ వదిలేశారు. రాసింది ఎవరి బల్ల మీదకి వెళ్తుంది అనేది.

బ్రిటన్‌లో 2009లో ఒక ఫార్మసిస్ట్ ప్రెడ్నిసొలోన్‌కి బదులు ప్రొప్రనొలాల్ ఇచ్చినందుకు క్రిమినల్ కోర్టు జైలుశిక్ష వేసింది, అమలు నిలిపి ఉంచుతూ. ఏడాది తర్వాత అప్పీలులో అది జరిమానా అయింది. అప్పటిదాకా తప్పు మందు ఇవ్వడం, లేబుల్ తప్పడం దానికదే నేరం, ఉద్దేశంతో పనిలేదు. దాని మీద ఏళ్ల తరబడి పోరాడితే 2018లో చట్టం మారింది. ఇప్పుడు ఫార్మసిస్ట్ తన వృత్తి పనిలో ఉండి, చీటీ ప్రకారం ఇస్తూ పొరపడి, తెలిసిన వెంటనే పేషెంట్‌కి చెప్పి ఉంటే, అది నేరారోపణకి జవాబు అవుతుంది. 2022లో ఆసుపత్రులకీ వర్తింపజేశారు. అంటే ప్రభుత్వం తన చేతిలోని కర్రని పూర్తిగా పారేయలేదు. దాచినవాడికి అట్టే పెట్టింది.

ఇక్కడ మీరు ఫోన్ వచ్చిన వెంటనే మందు మార్చారు, డాక్టర్‌కి చెప్పారు, రిజిస్టర్లో రాశారు. ఆఫీసుకి ఇచ్చే జవాబులో ఇవి తేదీ, టైమ్‌లతో రాయండి. అంతే రాయండి. క్షమాపణలు, అలసటలు, మనసులో మాటలు వద్దు. కౌన్సిల్‌కి మనసు విప్పే ముందు ఒక ఉత్తరం రాయండి: నేను రాసేది ఎవరితో పంచుకుంటారు, ఏ నియమం కింద? రాతపూర్వకంగా చెప్పండి అని.

అమ్మకొడుకు
నేను ఈ థ్రెడ్‌లో అందరితోనూ గొడవ పడ్డాను కాబట్టి ఇది కూడా చెప్తాను. @రాత్రిడ్యూటీ గారూ, మీరు ఆ కూతురికి నిజం చెప్పారా? "పొరపాటున వేరే మందు ఇచ్చాను" అని ఆ మాటల్లోనే?

రాత్రిడ్యూటీ
చెప్పాను. నేనే వాళ్లింటికి వెళ్లి చెప్పాను. ఆవిడ తిట్టింది. తర్వాత మంచినీళ్లు ఇచ్చింది.

అమ్మకొడుకు
మాకు ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రిలో నర్సు డబ్బా చూసి చెప్పింది. ఆ కుర్రాడు వచ్చి చెప్పి ఉంటే నేను కౌన్సిల్‌కి వెళ్లేవాణ్ణో కాదో నాకే తెలీదు.

గొలుసుదుకాణం
ఆ కుర్రాడికి చెప్పాలనే ఉండి ఉంటుంది. మా దగ్గరైతే తప్పు జరిగితే పేషెంట్‌తో మాట్లాడొద్దు, పై ఆఫీసు మాట్లాడుతుంది అని రాసిన కాగితం గోడకి అంటించి ఉంటుంది.

విశ్రాంత_ఇన్‌స్పెక్టర్
ఆ కాగితం మీద సంతకం ఎవరిది?

గొలుసుదుకాణం
సంతకం లేదు సార్. లోగో ఉంది.

కల్వం_రోకలి
1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ మందుని, ఎలిక్సిర్ అనే పేరు పెట్టి, విషద్రవమైన డైఇథిలీన్ గ్లైకాల్‌లో కలిపి అమ్మితే వంద మందికి పైగా చనిపోయారు. విషం అమ్మినందుకు పట్టుకునే చట్టం అప్పటికి లేదు. "ఎలిక్సిర్" అంటే ఆల్కహాల్ ఉండాలి, ఇందులో లేదు, కాబట్టి పేరు తప్పు అని ఆ వంకతో సరుకు జప్తు చేశారు. మరుసటి ఏడాదే కొత్త చట్టం వచ్చింది. లోగో అన్నారు కదా, అందుకే గుర్తొచ్చింది. మిమ్మల్ని పట్టుకోవడానికి చట్టం ఉంది, ఆ గోడ కాగితాన్ని పట్టుకోవడానికి ఏ వంకా లేదు.

గుళికలు77
ఈసారి నాకు జోకు తట్టలేదు.

రాత్రిడ్యూటీ
అందరికీ కలిపి రాస్తున్నాను. ఆఫీసుకి వకీలు_వేషం గారు చెప్పినట్టే ఒక పేజీలో ఇచ్చాను. ఫోన్ వచ్చిన టైమ్, మందు మార్చిన టైమ్, డాక్టర్‌తో మాట్లాడిన టైమ్. రిజిస్టర్ అసలు ప్రతి చూపించి, కాపీ ఇచ్చి వచ్చాను. అక్కడున్నాయన చదివి, మీరే రాసుకున్నారా ఇదంతా అని రెండుసార్లు అడిగారు. మెచ్చుకోలో అనుమానమో అర్థం కాలేదు.

కౌన్సిల్‌కి ఆ ప్రశ్న పంపాను. ఎవరితో పంచుకుంటారో రాతపూర్వకంగా చెప్పమని. జవాబు ఇంకా రాలేదు. గడువు మాత్రం పొడిగించారు, ఆ ఉత్తరం ఒక్క రోజులోనే వచ్చింది.

ఇంకోటి, షిఫ్ట్ చివర ఇద్దరం ఉండాలని మా యజమానికి కూడా కాగితం మీద రాసి ఇచ్చాను. చూద్దాం అన్నారు.

వెనకబెంచీ
మరి ఆ రెండు డబ్బాలు?

రాత్రిడ్యూటీ
హైడ్రలజైన్‌ని కింది అరలోకి, గుండె మందుల పక్కకి మార్చేశాను. ఇప్పుడు వంగితే తప్ప చేతికందదు. నిన్న ఒకరికి అదే కావాల్సి వచ్చింది, పై అరలో ఐదు నిమిషాలు వెతికాను.